ఎల్లమ్మ చేపల తేదీ

ఎల్లమ్మ నిన్నటి చేపల్ని ఇవాళ్టివని చెప్పి అమ్ముతుందని పెడనలో పుకారు పుట్టింది. మామూలుగా ఇలాంటి మాటలకు సాక్ష్యం ఉండదు. దీనికి ఉంది. ఆమె చేతిలోని ఫోనే ఒప్పుకుందని, ఆమె దగ్గర వాడుకగా చేపలు కొనే సీతామహాలక్ష్మిగారు వీధంతా చెప్పారు.

అది 2008. బందరు రేవులో చేపలమ్మే ఆడవాళ్ళ సంఘం, ఎలా ఉంటుందో చూద్దామని ఇద్దరికి ఫోన్లు ఇచ్చింది. ఒకటి ఎల్లమ్మకి, ఒకటి సత్యవేదానికి. చేపలు కొనగానే మీట నొక్కితే కొన్న తేదీ పడుతుంది. ఎవరైనా అడిగితే చూపించాలి. ఆ ప్రోగ్రాం రాసింది గుడివాడ వెంకట్, కొత్తగా ఇంజనీరింగ్ పాసైనవాడు.

సత్యవేదం ఎనిమిదింటికి తీరిగ్గా రేవుకొచ్చి, ఐసులో మిగిలినవి ఏరుకుంటుంది. ఎల్లమ్మ ఏడు కాకముందే పెడనలో గంప దించుతుంది.

"ఇదేంటి ఎల్లమ్మా, ఇవాళ పన్నెండో తారీకు. నీ ఫోనులో పదకొండుందే?" అన్నారు సీతామహాలక్ష్మిగారు.

"మొప్ప ఎత్తి చూడండమ్మగారూ, ఎంత ఎర్రగా ఉందో."

"మొప్పకేం, ఏ రంగు పూశావో. ఫోనుకి అబద్ధమాడే అవసరమేముంది?"

నెల తిరిగేసరికి పదహారు వాడుక ఇళ్ళలో పదకొండు సత్యవేదం వైపు వెళ్ళిపోయాయి. ఆమె ఫోనులో ఎప్పుడూ ఇవాళ్టి తేదీయే. మిగిలిన అయిదూ పోతే ఎల్లమ్మ గంప బోర్లించుకోవడమే.

వెంకట్ గుడివాడలో తన గదిలో ప్రోగ్రాం మూడుసార్లు సరిచూశాడు. మూడుసార్లూ పొద్దున పదకొండింటికే, టిఫిను చేశాక. తేదీ నిక్షేపంలా ఉంది.

"ముందురోజే నొక్కేసి ఉంటారండీ మీరు," అన్నాడు ఫోనులో.

 ఎల్లమ్మకి అంకెలు వచ్చు, చూడటమూ వచ్చు. ఒకరోజు గాలికి బోట్లు ఆలస్యమై పొద్దెక్కాక కొంది. ఆ రోజు తేదీ సరిగా పడింది. మర్నాడు చీకటితో కొంటే మళ్ళీ నిన్నటిది. వారం గమనించి వెంకట్‌కి చెప్పింది.

"చీకట్లో కొంటే నీ ఫోను అబద్ధమాడుతోంది బాబూ."

"ఫోనుకి చీకటీ వెలుతురూ ఏం తెలుస్తాయండీ?"

"తెలియవని ఇంట్లో కూర్చుని ఎలా చెబుతావు? వచ్చి చూడు."

వెంకట్ బందరులో పిన్నిగారింట్లో పడుకుని, ఆవులిస్తూ రేవుకొచ్చాడు. నిమిషానికోసారి మీట నొక్కాడు. అయిదూ ఇరవై తొమ్మిదికి నిన్నటి తేదీ. అయిదున్నరకి ఇవాళ్టిది. చటుక్కున ఆవులింత ఆగిపోయింది. ఫోను పైకి మన టైమే చూపిస్తుంది గానీ, లోపల లెక్క ఇంగ్లండు టైములో ఉంటుంది, అయిదున్నర గంటలు వెనక. తేదీ రాయించేటప్పుడు ఆ తేడా కలపడం అతను మర్చిపోయాడు.

"మనకి తెల్లారినా ఇంగ్లండు వాళ్ళకింకా నిన్నేనండీ," అన్నాడు నసుగుతూ.

"నా చేపలు ఆ ఊళ్ళో అమ్మడం లేదుగా బాబూ," అంది ఎల్లమ్మ.

ఆ సాయంత్రానికే సరిచేశాడు. వారంలో తొమ్మిది ఇళ్ళు తిరిగి వచ్చాయి. సీతామహాలక్ష్మిగారు చందువా చేపలు తీసుకుంటూ పక్కింటావిడతో, "గట్టిగా అడిగాక దారిలో పడిందండీ. ఇప్పుడు ఏ రోజువి ఆ రోజే తెస్తోంది," అన్నారు. పెడనలో ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటారు.

తేదీ తప్పిన రోజుల్లోనూ, వెంకట్ సరిచేశాకా ఎల్లమ్మ చేపలు కొన్నది మొదటి బోటు దగ్గరే, అయిదుకి పది నిమిషాల ముందు.