ప్రోటీన్ల అమ్మిరాజు

డాక్టర్ అమ్మిరాజును "బాగున్నారా" అని పలకరించినవాడు గంట దాకా ఇల్లు చేరడు. ముందు మనిషి మెదడులోకి వెళ్లి, అక్కడి చెత్తంతా చూసి మరీ రావాలి. రియాద్‌లోని ఆ పరిశోధనశాలలో ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు క్లీనర్ల సూపర్‌వైజరు గౌస్ మొహిద్దీన్. కడప మనిషి. అమ్మిరాజు చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, మెట్ల కింద దాక్కునేవాడు. అయినా ఒక్కోసారి దొరికిపోయేవాడు.

"గౌస్ భాయ్, మెదడులో కాపలా కణాలుంటాయండి, మైక్రోగ్లియా అని. కాపలా కాసేవీ అవే, ఊడ్చేవీ అవేనండి."

"నాకు పనుండాది సార్."

"ఒక్క నిమిషమండి. పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసే మర ఒకటి వాటి లోపలుంటుంది. ఆ మర మొరాయించిందనుకోండి, చెత్త పేరుకుపోయి వాటికి పిచ్చికోపం వచ్చేస్తుందండి. మంచి కణాల మీదే పడిపోతాయి. కొన్ని మతిమరుపుల్లో జరిగేది ఇదేనని నా అనుమానమండి."

"నాకూ వచ్చేటట్టుండాది సార్."

"మతిమరుపాండి?"

"కోపం."

ఒకసారి క్లీనర్లకు అర్థమయ్యేలా చెబుదామని అమ్మిరాజు వాళ్ల మాటే వాడాడు. "పాడైన ప్రోటీన్లకి ముందు ఖురూజ్ కొడతారండి" అన్నాడు. ఖురూజ్ అంటే దేశం వదిలి పొమ్మనే ముద్ర. అది నితాకత్ కాలం. సౌదీవాళ్లకు చాలినన్ని ఉద్యోగాలివ్వని కంపెనీలకు ఎరుపు, ఇచ్చినవాటికి పచ్చ, ప్లాటినం అని రంగులు. దానికి తోడు పరదేశీ పనివాళ్ల మీద తలకింతని లెవీ. ప్లాటినం లాగే ప్రోటీన్ కూడా కొత్త రంగనుకున్నారు పాపం క్లీనర్లు. సాయంత్రానికల్లా పనివాళ్ల క్యాంపులో నలుగురు పెట్టెలు సర్దుకున్నారు.

"ప్రోటీన్లంటె మనమేనా భాయ్?" అని క్లీనర్ సదానందం వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

గౌస్‌కు నవ్వు రాలేదు. నెలనెలా ఎవరో ఒకరిని నిజంగానే పంపేస్తున్నారు. ఆ కబురు చెప్పాల్సిన పాపిష్టి పని ఆయనదే.

అమ్మిరాజు కథ చివరిదాకా వినేవాడు ఒక్క మొండయ్యే. జగిత్యాల మనిషి, వయసు మళ్లుతోంది. తుడుపుకర్ర మీద ఆనుకుని "ఆ తర్వాత ఏమాయె సారూ?" అనేవాడు. రోజూ అదే కథ, రోజూ అదే ప్రశ్న. ఎంత ఓపికో అనుకునేవాడు గౌస్. తుడిచిన గదినే మొండయ్య మళ్లీ తుడవడం చూశాక గాని ఆ ఓపిక వెనకున్నది మరుపని అర్థం కాలేదు.

ఒక శుక్రవారం బతా బజారుకు వెళ్లిన మొండయ్య తిరిగి రాలేదు. ఆదివారం మలాజ్ అనే పేటలో, మూసేసిన ఒక కొట్టు మెట్ల మీద గౌస్‌కు కనిపించాడు. "బస్సు యాదికొస్తలేదు భాయ్" అన్నాడు చిన్నపిల్లాడిలా.

ఈలోగా ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, హురూబ్ కాగితం సిద్ధం చేయించాడు. హురూబ్ అంటే పని వదిలి పారిపోయాడని రాసేయడం. అది పడితే మొండయ్య ఇంటికి కాదు, జైలుకు పోతాడు. మొండయ్యను వెంటబెట్టుకుని గౌస్ ముదీర్ గదికి పరుగెత్తాడు.

"రెండు రోజులు ఎక్కడున్నాడు?" అని ముదీర్ గద్దించాడు.

తలుపు తోసుకుని అమ్మిరాజు వచ్చాడు.

"నా ల్యాబులో. మైక్రోగ్లియా గురించి చెబుతున్నాను. ఇంకా సగమే అయింది."

మరొకరు చెబితే ముదీర్ నమ్మేవాడు కాదు. కానీ ఆయన కూడా ఒకసారి లిఫ్టులో అమ్మిరాజుకు దొరికిపోయినవాడే. ఎటో చూస్తున్న మొండయ్య మొహాన్ని పరికించి, గుండె కరిగి, కాగితం చించేశాడు.

"రెండు రోజులు వింటే ఎవడికైనా మతి పోతుంది. పాపం, ఇతన్ని మర్యాదగా ఇంటికి పంపండి."

వరండాలో గౌస్ అమ్మిరాజును ఆపాడు. "ఈ మనిషి సంగతి మీకు ముందే తెల్సా సార్?"

"తెలుసండి. రోజూ కథ చెప్పి, ఎంత గుర్తుందో చూసుకునేవాణ్ణి. మీకు చెబుదామంటే మెట్ల కింద దూరేవారు."

"మందేమన్నా ఉండాదా?"

"ఇంకా లేదండి."

అమ్మిరాజు ఇంకేమైనా మాట్లాడితే బాగుండునని గౌస్‌కు మొదటిసారి అనిపించింది. ఆయన ల్యాబు వైపు నడిచాడు.

మొండయ్యను విమానానికి తీసుకెళ్లే రోజు అమ్మిరాజు కూడా వ్యానెక్కాడు. కొంతదూరం వెళ్లాక మొండయ్య ఆయన వైపు మర్యాదగా తిరిగాడు.

"మీరేం పని జేస్తరు సారూ?"

గౌస్ అలవాటుగా కళ్లు మూసుకున్నాడు.

"ఊడుస్తానండి" అన్నాడు అమ్మిరాజు.

మొండయ్య మొహం వెలిగింది. "గట్లనా! అయితే మూలలు సక్కగ ఊడ్వున్రి సారూ. అందరు గవే ఇడిసిపెడ్తరు" అని, చీపురు ఎలా పట్టాలో ఎయిర్‌పోర్టు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. అమ్మిరాజు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.