వణుకు తీసేసిన దరువు

మా బావ కుడిచెయ్యి వణుకుతోందని నాకంటే ముందు ఆర్కెస్ట్రావాళ్ళకి తెలిసింది. బావంటే నా మొగుడే, మేనత్త కొడుకు. మల్కాపురంలో కాపురం. పగలు పోర్టులో కలాసీ పని, సాయంత్రాలు పెళ్ళిళ్ళకీ చవితి పందిళ్ళకీ ఆర్కెస్ట్రాలో ప్యాడ్లు వాయించేవాడు. ప్యాడ్లంటే స్టాండుకి బిగించిన రబ్బరు బిళ్ళలు. పుల్లతో కొడితే వాటికవి టపటపమంటాయి, అంతే. వాటి తీగలన్నీ వెళ్ళి ఒక నల్ల డబ్బాలో కలుస్తాయి. డప్పంటే డప్పు, డోలంటే డోలు, పలికేది ఆ డబ్బా.

అవి ఎవరైనా వాయిస్తారు. మా బావ దరువులో మాత్రం మూడో దెబ్బ ఒక పిసరు ఆలస్యంగా పడేది. పడుతుందా పడదా అని వినేవాడి ప్రాణం ఒక్క క్షణం నిలబడిపోయేది, అప్పుడు పడేది. ఆర్కెస్ట్రావాళ్ళు దాన్ని లాగుడు అనేవారు. మిగతా వాయిద్యగాళ్ళు అలా లాగబోతే తాళం తప్పినట్టుండేది. ఇతను లాగితే కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు కూడా లేచేవారు. నేను మనసు పడ్డది మనిషినో ఆ దెబ్బనో ఇప్పటికీ చెప్పలేను.

మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, చెయ్యి ఇక బాగుపడదనీ, రాను రాను ఇంకా పడిపోతుందనీ డాక్టరు చెప్పాడు. ఆటోలో ఇంటికొస్తుంటే, మా వీధి మలుపులో అన్నాడు:

"ఇది పోకముందే నా దరువు ఎక్కడైనా దాసెయ్యాలే."

ఇంట్లో క్యాసెట్లు లేకపోలేదు. కానీ పెళ్ళి పందిట్లో పట్టిన క్యాసెట్లో ఏముంటుంది? పాటగాడి గొంతు, జనం గోల, అడుగున ఎక్కడో ఆనీ ఆనకుండా దరువు. అప్పట్లో నేను ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో సరుకు కాగితాలు టైపు చేసేదాన్ని. ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వస్తే, పాతదొకటి ఇంటికి తెచ్చుకోనిచ్చారు. ప్యాడ్లని కంప్యూటరుకి కలిపి దరువుని అందులో ఎక్కించొచ్చని ఎవరో బావకి చెప్పారు. ఇక నా ప్రాణం తీశాడు.

పోర్టు అవతల పాత టౌన్లో ఆంప్లిఫయర్లు బాగుచేసే భాయ్ ఒకాయన తీగ చేసిచ్చాడు. ఒక చివర నల్ల డబ్బాకి, ఇంకో చివర కంప్యూటరు వెనక, ఆటల జాయ్‌స్టిక్ పెట్టే చోట. ఆ ఆదివారం పొద్దుటి నుంచీ కుస్తీ పట్టినా చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. డబ్బా వైపు తీగకి రెండు మూతులుంటే ఒకదాని చోట ఇంకోటి పెట్టామని మధ్యాహ్నానికి తెలిసింది. మార్చి పెడితే శబ్దమైతే వచ్చింది గానీ, ఇతను కొట్టిన కాసేపటికి తీరిగ్గా స్పీకర్లోంచి వచ్చింది. మా బావకి తిక్క రేగింది.

"ఇదేటే, నాను కొట్టినాక ఎప్పుడో పలుకుతంది? దీనికేటి, నాకంటే ఎక్కువ జబ్బా?"

"దాని మాట వినకు బావా. ఇయర్‌ఫోన్లు డబ్బాకే పెట్టుకో. నువ్వు డబ్బాని విను, కంప్యూటరు దాని పాటికది రాసుకుంటాది" అన్నాను. అలాగే కుదిరింది.

రాసుకోవడమన్నమాట నిజమే. అది శబ్దాన్ని పట్టుకోదు. ఏ బిళ్ళ మీద, ఏ క్షణంలో, ఎంత బలంగా దెబ్బ పడిందో అదొక్కటే గుర్తు పెట్టుకుంటుంది. తిరిగి పెడితే ఆ గుర్తుల్ని డబ్బాకి పంపిస్తుంది, డబ్బా మళ్ళీ పలుకుతుంది. తెర మీద తాళం లెక్కకి నిలువు గీతలు, వాటి వెంట మా బావ దెబ్బలు చిన్న చిన్న ముక్కలుగా కనిపించేవి.

వాయించాడు. చెమటలు కారుతుంటే, పళ్ళు బిగించి, ఆ చేతిని బతిమాలుకుంటూ వాయించాడు. అయ్యాక వెనక్కి పెట్టి వినిపించాను. ఒక్క దెబ్బ పడాల్సిన చోట దాని పక్కనే ఇంకో చిన్న దెబ్బ. కొన్ని ముందుకి తూలాయి, కొన్ని వెనక్కి. తన వణుకుని బయటి నుంచి వినడం అతనికి అదే మొదటిసారి. ముఖం నల్లబడిపోయింది. కానీ లాగుడు ఉంది. నా కళ్ళతో చూశాను. ప్రతి మూడో దెబ్బా గీత దాటి కాస్త కుడివైపు నిలబడి ఉంది.

తెర మీద వేలు పెట్టి చూపించాను. "ఇదిగో బావా, నీ లాగుడు. ఎంత సక్కగా పడిందో సూడు."

అతనికి అది కనిపిస్తేగా. గీత తప్పిన దెబ్బల్ని గీత మీదికి లాక్కొచ్చే బటన్ ఒకటి ఉంటుందని ఆర్కెస్ట్రాలో విన్నాడు. అదే కావాలన్నాడు.

"వద్దు. నీ చెయ్యి ఎలా ఉందో అలాగే ఉండనీ" అన్నాను.

"రేపు నాను వాయించనేనప్పుడు ఈ ఒణుకుడేనేటే జనం ఇనీది? సరి సెయ్యి."

చేశాను. ముక్కలన్నీ ఒక్కసారిగా గీతల మీదికి గెంతాయి. అదనపు దెబ్బల్ని నేనే ఏరి తీసేశాను. మళ్ళీ పెడితే ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను. మా బావ కళ్ళు మూసుకుని విన్నాడు.

"సూసేవా, నా సెయ్యి బాగైపోనాది" అన్నాడు.

ఆ మాట విన్నాక కూడా నోరు మూసుకోలేదు నేను. "బావా, మూడో దెబ్బ ముందుకొచ్చేసింది. లాగుడు పోయింది" అన్నాను. వణుకైనా లాగుడైనా ఆ మిషనుకి ఒకటే కదా. గీత మీద లేనిదల్లా దానికి తప్పే. చేతకాక తూలిన దెబ్బేదో, ఏళ్ళ తరబడి వాయించిన చెయ్యి కావాలని ఆపి వేసిన దెబ్బేదో దానికెలా తెలుస్తుంది?

"నీకేటి తెలుసే దరువు గురించి" అన్నాడు.

పాతది ఒక ఫ్లాపీలో విడిగా ఉంచుతానన్నాను. ఆ ఒణుకు ఎవడికి ఇనిపిత్తావని కసిరాడు. పాతదాని మీదే రాసెయ్యమంటావా అని కంప్యూటరు అడుగుతుంటే, నా భుజం మీద నుంచి వంగి, ఎడమచేత్తో తనే ఎంటర్ కొట్టాడు. అక్కడితో ఊరుకున్నాడా, పాతది వెనక్కి తెచ్చుకునే దారి లేకుండా కంప్యూటరు కూడా కట్టేయించాడు. ఇన్నేళ్ళయినా ఆ ఎడమచెయ్యి మీద నాకు కోపం తగ్గలేదు.

వానలు వచ్చేసరికి ఆ కుడిచెయ్యి అన్నం కలపడానికి కూడా లేవలేదు. చెంచాతో తినడం నేర్చుకున్నాడు. ఆర్కెస్ట్రా ఇంకొకణ్ణి పెట్టుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నేను లోపల్లోపల కుళ్ళిపోతుంటే, ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి అదే వినిపించేవాడు. అందరూ బాగుందనేవారు. బాగుందనక ఏమంటారు?

ఒకరోజు యారాడ నుంచి మా అత్త వచ్చింది, అతని తల్లి. ఎండు చేపల సంచి గుమ్మంలో దించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. బావ నా వైపు చూసి తల ఊపాడు. పెట్టాను. అత్త తల వాల్చి శ్రద్ధగా చివరిదాకా విన్నది.

"బాగుంది. సెయ్యి సాపుగా ఉంది" అన్నది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "ఎవుల్రా కొడతన్నాడు? నీ బదులు పెట్టుకున్న కొత్త గుంటడేటి?" అని అడిగింది.

ఆమె పాపం, తెలియక అడిగింది. టీ పెడతానని నేను లోపలికి పోయి, పొయ్యి కూడా వెలిగించకుండా నిలబడ్డాను. అత్త చీకటి పడకముందే బస్సుకని తొందరగా వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళగానే బావ కుర్చీ లాక్కొచ్చి కంప్యూటరు ముందు నా పక్కన వేసుకున్నాడు.

"ఒణుకుడున్న పాతదే ఓపాలి పెట్టే."

"లేదు బావా."

"నేదంటే?"

"నువ్వే కదా దాని మీద రాసేశావు."

తెర మీదికి వంగాడు. "అంత పెద్ద మిషన్లో ఎక్కడో ఉంటాది. ఎతుకు" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

అది ఎక్కడా లేదని నాకు తెలుసు. అయినా అతను చూస్తున్నాడు కదా అని, ఒక్కో ఫోల్డరూ తెరిచి, చూసి, మూసి, మళ్ళీ ఇంకోటి తెరుస్తూ, అన్నం వేళ దాటిపోయేదాకా వెతికాను.