రెండు కాటాల లాగ్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వన్ టౌన్‌లో మేడ మీది ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. పోర్టుకు సరుకు తెచ్చే లారీలను తూచే రెండు కాటాలు మా సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి. అది ఎప్పుడేం చేసిందో తనంతట తానే రాసుకునే ఫైలును లాగ్ అంటాం. నా లాగ్ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలుగా ఉండేది: "లారీ ఎక్కింది. బరువు వచ్చింది. ఇంకా దిగలేదు." చదివి అందరూ నవ్వేవారు. కాటా దగ్గర ఏ తేడా వచ్చినా ఫోన్ నాకే వచ్చేది. అది నాకు మహా గర్వం.

తర్వాత భీమిలి నుంచి రోజూ బస్సులో వచ్చే నా ఈడువాడొకడు చేరాడు. కాటా నుంచి బరువు తీసుకునే ప్రోగ్రాము నాది, దాన్ని లారీ చీటీ మీదికెక్కించేది అతనిది; ఎవరి లాగ్ వారిదే. అతని లాగ్‌లో ప్రతి వరుసా ఒకే క్రమం: టైము, కాటా, లారీ నంబరు, పని, ఫలితం.

"ఇదేంటి, రేషన్ కార్డా?" అన్నాను.

"నీది సదవడానికి బాగుంటాది బావా. రెండు కాటాల మీదా లారీలుంటే ఏ మాట దేనిదో ఎలాగ తెలుస్తాది?"

ఆ మాట నిజమని నాకప్పుడే తెలుసు. అందుకే ఒళ్లు మండింది.

నెల తిరక్కుండానే ఒక లారీ బరువు ఇంకో లారీ చీటీ మీద పడింది. గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. నేను పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా నా లాగ్‌తో తల బాదుకున్నాను. "బరువు వచ్చింది" అని వరసగా రెండుసార్లు ఉంది. ఏ లారీదో దేవుడికెరుక. అతను తన లాగ్‌లో లారీ నంబరు కొట్టి వెతికాడు. టీ చల్లారేలోపు తప్పు దొరికింది. అది నాది. మర్నాటి నుంచి ఫోన్ అతనికే. నా ప్రోగ్రామును కూడా మేనేజరు అతని పద్ధతిలోకి మార్పించాడు. అతను టీకి పిలిస్తే తలనొప్పి అనేవాణ్ణి. వాడికి జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆపైన రోజూ అతని లాగ్ చదివాను, పని కోసం కాదు. కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటారే, అదే. మూడోవారంలో దొరికింది: ఒకే లారీకి ఖాళీ బరువు రెండుసార్లు ఎక్కింది, అతని భాగంలోనే. అతనితో అనకుండా ప్రింటు తీసి, అందరూ ఉండగా మేనేజరు బల్ల మీద పెట్టాను.

అతను కాగితం అందుకుని చూశాడు. "ఎలాగ పట్టీసినావు బావా?"

"లారీ నంబరు కొట్టాను. వరుసలన్నీ వచ్చేశాయి," అన్నాను.

అతని మొహం విప్పారింది. "సూసారా సార్, నాను సెప్పలేదా? ఈ లాగ్‌లో తప్పు ఎవులు సూసినా దొరికిపోద్ది."

మేనేజరు అతని భుజం తట్టాడు. తప్పు చేసి కూడా మెప్పు పొందినవాణ్ణి చూస్తూ ఆ గదిలో నిలబడలేకపోయాను.