కొట్టిన టైము

మార్కర్ పెన్ మూత తీయగానే ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. తిరుపతి పరేడ్ మైదానంలో కొత్త కానిస్టేబుళ్ల ముందు నిలబడి ఉన్నాను. ఆ వాసనకు ఎప్పటిలాగే మునిరత్నం సార్ గుర్తొచ్చారు.

ఆయన మా ఏఎస్ఐ. చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా విడిపోయినా ఆయన లెక్కలో మాత్రం రెండూ ఒకటే. లాఠీ ఎంతవరకు వాడాలో ఒక తరగతి, గాయానికి కట్టు కట్టడం మరో తరగతి, అదీ ఏ జిల్లా వాళ్ళకు ఆ జిల్లాలోనే. ఈ పద్ధతి చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. రెండు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, రెండు జిల్లాల వాళ్ళనీ రెండు పాఠాలనీ ఒకే మైదానంలోకి తెచ్చారు. ఆయన నియమం ఒక్కటే: సాధనలో ఎవరు కొట్టి పడేస్తే వాళ్ళే వంగి కట్టు కట్టాలి. తొడకు పట్టీ బిగించి రక్తం ఆపాక, అది ఎక్కువసేపు ఉంటే కాలికే ముప్పు కాబట్టి, బిగించిన టైము డాక్టరుకు తెలిసేలా పడినవాడి నుదుటి మీద మార్కర్‌తో రాయాలి. సాయంత్రానికి అందరి నుదుళ్ళ మీదా అంకెలే. "కొండెక్కకుండానే నామాలు పెట్టించినాడప్పా సారు" అని నవ్వుకునేవాళ్ళం. ఆయన విని, "కడుక్కోబాకండి. ఇంట్లో అడిగితే ఏం నేర్సుకున్నారో సెప్పండి" అనేవారు.

ఆ పాఠం నాకు వడమాలపేట దగ్గర పనికొచ్చింది. ఒక ఉదయం వాహనాల తనిఖీలో వ్యాను డ్రైవరు దిగి పరుగెత్తాడు. తరిమి పట్టుకున్నాను. అతను చేతులెత్తి నిలబడ్డాడు. ఆయాసం, కోపం కలిసి నా చెయ్యి ఆగలేదు. కాలి మీద లాఠీతో కొట్టాను. పక్కనున్న తుప్పు రేకు మీద పడి అతని పిక్క చీలిపోయింది. రక్తం చూడగానే కోపం దిగిపోయింది. పట్టీ బిగించి, నుదుటి మీద టైము రాశాను. పట్టీ లేకుంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నారు. స్టేషన్లో అందరూ భుజం తట్టారు. నివేదికలో మాత్రం 'పారిపోతూ జారిపడ్డాడు' అని రాశాను.

మెచ్చుకుంటారన్న ఆశతో దాన్ని సార్‌కు చూపించాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు.

"కట్టు కట్టిన టైము రాసినావు. కొట్టిన టైము యాడ రాసినావబ్బా?"

"జారి పడినాడు సార్..."

"ఆస్పత్రికి పోయి సూసొచ్చినా. మోకాలి కింద లాఠీ వాత ఉండాది. సేతులెత్తినాడా?"

"ఎత్తినాడు సార్. కానీ అది రాస్తే నా ఉద్యోగం పోతాది."

"పోవచ్చు. విచారణకు నేనూ వస్తా. రాసేది మాత్రం నువ్వే."

ఆ పూట ఆయన మీద పీకల దాకా కోపం వచ్చింది. అయినా తిరగరాశాను. సస్పెండ్ చేశారు. విచారణ గది బయట బెంచీ మీద, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఆ పెద్దమనిషి ఇస్త్రీ యూనిఫాంలో నా పక్కన కూర్చున్నారు. లోపలికి వచ్చి, "నేర్పినోణ్ణి నేను సార్. సగమే నేర్పినా" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. కొన్ని నెలలకు ఉద్యోగం తిరిగి వచ్చింది. అప్పటికే ఆయన శిక్షణలో రెండో టైము చేర్చారు. కొట్టినవాడు ఆ టైమును తన అరచేతిలోనే రాసుకోవాలి, ఎందుకు కొట్టాడో అందరి ముందూ చెప్పాలి.

ఆయన రిటైరై కార్వేటినగరం వెళ్ళిపోయారు. ఇప్పుడు మార్కర్ నా చేతిలో ఉంది. ప్రతి కొత్త జట్టు ముందూ మొదట నా అరచేతిలోనే రాసుకుంటాను: పదకొండు నలభై. అదేంటి సార్ అని అడుగుతారు.

"చేతులెత్తిన మనిషిని నేను కొట్టిన టైము" అని చెప్పి, పాఠం మొదలుపెడతాను.