ఇరుసు మీద కొబ్బరినూనె

కొండ మీది సైనిక పోస్టుకు వెళ్ళాలన్న కబురు నాకు మొదట చెప్పింది మా యూనిట్ మెకానిక్. అన్నా అని పిలిచేదాన్ని. శృంగవరపుకోట మనిషి. ఆర్డరు నా చేతికి రాకముందే స్టోరు దగ్గర ఎదురుపడి, ఇద్దరిదీ ఒకే బండి అనీ, ఉన్ని మేజోళ్ళు రెండు జతలు ఎక్కువ తీసుకోమనీ చెప్పాడు.

చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఎత్తు పదిహేను వేల అడుగులు. నాలుగు బంకర్లు, ఒక జనరేటరు, కింది పోస్టు నుంచి సరుకులు లాగే తాడుదారి. దాని కప్పీని ఇద్దరు చేత్తో తిప్పాలి. నా కిట్టులో అమ్మ పెట్టిన దేవుడి పటం, కొబ్బరినూనె సీసా. నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దబెట్టింది అమ్మ. పూట గడిస్తే దణ్ణం పెట్టుకోమని నేర్పిందీ ఆమే.

పదకొండో వారం మంచుకి కాలిదారి మూసుకుపోయింది. ఆ రోజే మెకానిక్ అన్నకు ఊపిరాడలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, చీకటి పడేలోగా కిందికి దించకపోతే దక్కడనీ నర్సింగ్ అసిస్టెంటు అన్నాడు. మబ్బుకి హెలికాప్టరు రాదు. మిగిలింది తాడుదారి. తిప్పితే కప్పీ కదల్లేదు. ఇరుసు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాన్ని ఊడదీసేసరికి రెండు దాటింది. నాలుగున్నరకు గాలి లేస్తుంది. అప్పుడిక తాడు మీద మనిషిని వదలలేం.

తుప్పు నాకు కొత్త కాదు. మాది నౌపడ. ఉప్పుమడుల గాలికి ఇనుము నిలవదు. గుడిగంట వేలాడే కొక్కేన్ని నాన్న నెలకోసారి గరుకు కాయితంతో, కొబ్బరినూనెతో రుద్దేవారు. వేరే నూనె గుడిలోకి రానిచ్చేవారు కాదు. పక్కన కూర్చుని నేనూ రుద్దేదాన్ని. అందుకే ఇరుసు నాకివ్వమన్నాను. మిగతావాళ్ళు తాడు మీది మంచు దులపడానికి వెళ్ళారు.

అమ్మ ఇచ్చిన సీసా కోటు లోపల పెట్టుకోవడంతో వెచ్చగా ఉంది కనుక నూనె ధారగానే పడింది. ఇనుముకి తగలగానే తెల్లగా గడ్డకట్టింది. రుద్దేకొద్దీ కాయితం మైనం మీద జారినట్టు జారింది. అరగంట పోయింది.

అన్నకు బంకరులో ఆక్సిజన్ పెట్టారు. దాని దగ్గరికి నూనె రాకూడదని నన్ను గుమ్మం బయటే కూర్చోబెట్టారు. మధ్యలో టార్పాలిన్ తెర. రుద్దే గరగర వినబడకపోయేసరికి అన్న లోపల్నుంచి అడిగాడు.

"ఏటి పోసినావే?"

చెప్పాను.

"కూరొండుతన్నావేటి?" నవ్వబోయి దగ్గాడు. ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అన్నాడు. "ముందది తుడిసీ. కిరసనాయిలు మూడొంతులు, ఇంజనాయిలు ఒకొంతు. నూనె నునుపుకి కాదే సెల్లీ. రజను మొయ్యడానికి."

అలాగే కలిపాను. గరుకు కాయితం అందులో ముంచి ఇరుసు చుట్టూ రుద్దాను. ఇనుప రజను నల్లగా తేలి కారిపోయింది. కాయితం పట్టుకుంది. గరగర మొదలైంది. తుడవడం, ముంచడం, రుద్దడం. వేళ్ళు తిమ్మిరెక్కాయి. మనసులో స్వామి పేరు ఆపలేదు.

ఇరుసు పొడిగా తుడిచి, అయిందన్నాను. తెర కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. తొడుగు లేదు. బొటనవేలు ఇరుసు మీద నడిచి ఒకచోట ఆగింది.

"ఇక్కడింకా గరుకున్నాది."

మళ్ళీ రుద్దాను. ఈసారి చివర్లో ఆగింది. మళ్ళీ రుద్దాను. మూడోసారి ఆ కొస నుంచి ఈ కొసకి ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. చెయ్యి లోపలికి పోయింది.

నాలుగుకి కప్పీ తిరిగింది. అన్నను స్లీపింగ్ బ్యాగులో చుట్టి, కట్టి, వదిలాం. నాలుగూ ఇరవైకి కింది పోస్టు రేడియోలో పలికింది: "అందాడు. తెలివిలో ఉన్నాడు." తర్వాత గాలి లేచింది.

మంచు కరిగాక నేనూ దిగాను. ఇప్పుడు నౌకరీ వదిలి నౌపడలోనే ఉన్నాను. గుడి కొక్కెం నేనే రుద్దుతాను, కొబ్బరినూనెతోనే. ఇక్కడి వేడికి అది గడ్డకట్టదు. రుద్ది, తుడిచి, బొటనవేలు నడిపించి చూసుకుంటాను. ప్రతిసారీ తెర కింద నుంచి ఆ చెయ్యి వస్తుంది.

అన్న శృంగవరపుకోటలో పంపుసెట్లు బాగుచేసుకుంటున్నాడు. స్వామి దయ. నాలుగు మెట్లెక్కితే మాత్రం నిలబడిపోతాడు. మీరు దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆయన్ని ఒక్కసారి తలచుకోండి, ఊపిరి ఎక్కడా తట్టుకోకుండా ఆడాలని.