తన మీద తనే కేసు గెలిచిన పిల్ల

మా లా కాలేజీలో నాతో అయిదేళ్లు ఒకే గదిలో ఉన్న పిల్లని అందరూ "అవతలిపక్షం" అని పిలిచేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. ఈ బిరుదు పాపం తను కోరి తెచ్చుకున్నది కాదు. మాచేత ఉత్తుత్తి కోర్టు నడిపించే ముసలి మాస్టారొకాయన ఉండేవాడు. నాణెం ఎగరేసి, నువ్వు వాదివి, నువ్వు ప్రతివాదివి అని తేల్చేవాడు. ఆయన దగ్గర ఒక నియమం ఉంది. నోరు తెరిచినవాడు తన వాదన మొదలుపెట్టే ముందు ఎదుటివాడి వాదనని, ఎదుటివాడికన్నా బాగా, రెండు నిమిషాలు చెప్పాలి. లేకపోతే కూర్చోమనేవాడు. మేమంతా ఆ రెండు నిమిషాలూ గబగబా చుట్టచుట్టి పక్కన పడేసి మా గోల మొదలుపెట్టేవాళ్లం. ఈ పిల్ల మాత్రం దాన్ని ఒంటబట్టించుకుంది.

ఎంతగా అంటే, మెస్సులో కూర నోట పెట్టుకోలేకుండా ఉన్నా సరే, "వంటాయన వైపునుంచి చూస్తే, రెండొందల మందికి రెండే పొయ్యిలు..." అని మొదలుపెట్టేది. అది ముగిసేలోపు కూర చల్లారేది, మా ఆకలి చచ్చేది. దోమ కుట్టినా దోమ తరఫున రెండు ముక్కలు చెప్పాకే చెయ్యెత్తేది. అప్పటిదాకా కూర్చోవడానికి దోమకేం పిచ్చా?

ఇక ఉద్యోగాల సంగతి. మా క్లాసులో నూటఇరవై మందిమి. అందులో పాతికమందికి తాతో తండ్రో లాయరు. వాళ్లకి చదువెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సరుకు. అందులో ఒకడికి అప్పీలు ఏ కోర్టులో వేయాలో ఆఖరి ఏడులో కూడా తెలియదు, అయినా వాడి కోసం వాళ్ల నాన్న ఆఫీసులో బల్లా కుర్చీ పాలిష్ పెట్టించుకుని మరీ కూర్చున్నాయి. మిగతా మాకు కాలేజీకొచ్చి ఏరుకునే పెద్ద ఆఫీసులే దిక్కు. ఆ ఏడు వచ్చిందీ ఒక్క ఆఫీసే, వాళ్లకి కావాల్సిందీ ఒక్కరే. మమ్మల్ని వడకట్టి వడకట్టి ఆఖరి ఇంటర్వ్యూకి ఆరుగురిని మిగిల్చారు. అందులో మా గదినుంచే ఇద్దరం, నేనూ అవతలిపక్షమూ.

నాకు ఆ ఉద్యోగం రాకపోతే మా అక్క నడిపే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ బతికేస్తాను. దానికి అలా కాదు. వాళ్ల నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాళ్ల పెదనాన్న కోర్టు గేటు బయట టార్పాలిను కింద మిషను పెట్టుకుని జనాలకి అర్జీలు టైపు కొట్టే మనిషి. పిల్ల పరీక్ష పాసవగానే తన పక్కన వేయడానికి ఆయన రెండో కుర్చీ కూడా కొనేసి, ఫోటో తీసి పంపించాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ఆ ఫోటో చూసిన రోజు దానికి అన్నం సహించలేదు.

"మా పెదనాన్న మంచోడేనే. కానీ నల్లకోటేసుకున్న ప్రతివాడూ ఆయన్ని 'ఏయ్' అనే పిలుస్తాడు. ఒక్కసారి అక్కడ కూర్చున్నానంటే నన్నూ అంతే. ఇంక ఆ గేటు దాటి లోపలికెళ్లి వాదించడం ఈ జన్మకి ఉండదు," అంది. పెదనాన్న తరఫున ఒక్క ముక్కతో సరిపెట్టిందంటే ఎంత భయపడిందో నాకు అప్పుడు తెలిసింది.

మా గదికంతటికీ నల్లకోటు ఒక్కటే. నాకు భుజాల దగ్గర బిగుతు, దానికి చేతులు పొడుగు. ఇద్దరికీ సమానంగా అన్యాయం చేసే కోటు. ఇంటర్వ్యూలో దాని తర్వాత నా వంతే కాబట్టి గుమ్మం దగ్గర మార్చుకోవచ్చనుకున్నాం. ముందు అది వెళ్లింది. పావుగంటకి బయటికొచ్చింది. మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"ఏమైందే?"

"నిన్నే ఎందుకు తీసుకోవాలి అనడిగారు."

"నువ్వేమన్నావ్?"

"ముందు ఎందుకు తీసుకోకూడదో చెప్పాను."

"ఒసేయ్! సరే, రెండు నిమిషాలేగా. తర్వాత?"

"నాలుగు కారణాలు చెప్పానే. నాలుగోదానికి వచ్చేసరికి ముగ్గురూ తలలూపుతున్నారు. నాక్కూడా నిజమే కదా అనిపించింది. ఇంకేం తోచలేదు. థాంక్యూ చెప్పి వచ్చేశాను."

కొరివితో తల గోక్కోవడం అని వినడమే గానీ కళ్లారా చూడటం నాకదే మొదలు. ఇంతలో నన్ను పిలిచారు. అది కోటు విప్పి నా చేతిలో పెట్టింది, ఇంకా వెచ్చగానే ఉంది. కడుపునిండా తిట్టడానికి కూడా టైము లేకపోయింది.

లోపల ఇద్దరు మగవాళ్లు, మధ్యలో నెరిసిన జుట్టావిడ. ఆవిడే మాట్లాడింది.

"ఇందాక వచ్చినమ్మాయి తనని ఎందుకు తీసుకోకూడదో చాలా బాగా చెప్పింది. ఇంట్లో లాయర్లు లేరు కాబట్టి తన వెంట ఒక్క క్లయింటూ రాడట. రెండో ఏడు మార్కులు పడిపోయాయట. పని నిదానమట. గట్టిగా మాట్లాడటం రాదట. ఇప్పుడు నువ్వు ఆ అమ్మాయి తరఫున వాదించు. అయిదు నిమిషాలు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాగా వాదిస్తే ఉద్యోగం దానికి పోతుంది, చెత్తగా వాదిస్తే నాకు రాదు. ఇలాంటి ప్రశ్న లాయర్లకి తప్ప ఇంకెవరికీ పుట్టదు.

మొదట నిజంగా దాని కోసమే మాట్లాడాను, ఒట్టు. మార్కులు పడిపోయింది వాళ్లమ్మ ఆపరేషనప్పుడు, నెలన్నర ఆసుపత్రి వరండాలో కూర్చుని చదవాల్సొచ్చింది కాబట్టి అన్నాను. ఆ వరండాలో రాసుకున్న నోట్సుతోనే మా క్లాసులో సగం మంది గట్టెక్కారు, నాతో సహా. నిదానం అంటారా, ఇచ్చిన ఫైలు ఆఖరి పేజీదాకా చదివేది మా నూటఇరవై మందిలో తనొక్కతే. గట్టిగా మాట్లాడదు, నిజమే. కానీ వంటాయన్ని ఉన్నపళంగా పంపేస్తామని మా వార్డెన్ నోటీసిచ్చి ఎగిరినప్పుడు, మేమంతా గోడకి బల్లుల్లా అతుక్కుపోతే, తనే హాస్టలు నియమాల పుస్తకం తెరిచింది. ముందు వార్డెన్ తరఫునే రెండు నిమిషాలు మాట్లాడి, తర్వాత ఆవిడ చేతే నోటీసు వెనక్కి తీయించింది. గొంతు పెంచలేదు. ఇక ఇంట్లో లాయర్లు లేరన్న మాట. చిన్నప్పట్నుంచీ పెదనాన్న పక్కన కూర్చుని, కోర్టు గేటు దగ్గరికొచ్చినవాడికి కాళ్లెందుకు వణుకుతాయో చూసిన పిల్ల అది. మీ ఆఫీసులో ఆ సంగతి ఎంతమందికి తెలుసు అనడిగాను.

అప్పుడు చూశాను. నెరిసిన జుట్టావిడ పెన్ను తీసి రాసుకుంటోంది. రాస్తున్నది దాని దరఖాస్తు మీద కాదు, నా దరఖాస్తు మీద. అక్కడే ఆపాల్సింది. ఆపి, "మేడమ్, ఇదంతా నిజం, ఆ అమ్మాయిని వెనక్కి పిలవండి" అనాల్సింది. ఆపలేదు. గొంతు ఇంకొంచెం పెంచాను, చేతులు కూడా తిప్పాను. ఆ చివరి రెండు నిమిషాలూ నేను ఎవరి లాయర్నో నాకు బాగా తెలుసు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద నా పేరు ఉంది. దాన్నెందుకు తీసుకోవాలో బాగా చెప్పినందుకు ఉద్యోగం నాకిచ్చారు. అయిదేళ్లు న్యాయశాస్త్రం చదివి నేను కళ్లారా చూసిన న్యాయం అదీ.

గదికొచ్చేసరికి అది మంచం మీద కూర్చుని పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటోంది.

"బోర్డు చూశానే. సంతోషం. నిన్నేమడిగారు?" అంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కాంట్రాక్టుల మీద అడిగారని అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దాని మొహం చూస్తే పైకి రాలేదు. అంతా చెప్పేశాను, ఆవిడ పెన్ను సంగతీ, నేను గొంతు పెంచిన సంగతీ కూడా. అరుస్తుందనుకున్నాను, చేతిలో ఉన్న లావుపాటి పుస్తకం నా నెత్తిన వేస్తుందనుకున్నాను.

"ఏం చెప్పావో మళ్లీ చెప్పు," అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మొదట్నించీ."

చెప్పాను. ఆసుపత్రి వరండా, నోట్సు, వంటాయన, కోర్టు గేటు, ఏదీ వదల్లేదు. ఈసారి చేతులు తిప్పలేదు. అది తలొంచుకుని వింది, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అయిపోయాక పుస్తకం అట్ట గోటితో గీకుతూ అడిగింది.

"ఇదంతా నిజమేనా, వాదన కోసం చెప్పావా?"

"నిజమేనే."

"మరి అయిదేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదేం? ఇందాక ఆ గదిలో నా గురించి చెప్పుకోవడానికి నాకు ఒక్క ముక్క కూడా తెలియలేదు."

కింద కూర్చుని, మిగిలిన పుస్తకాలు ఒక్కొక్కటే దాని చేతికందించాను.