మిట్టమధ్యాహ్నపు మిరపతోట

మా అన్నయ్యకు ఆత్మకూరులో బట్టల షాపు. మధ్యాహ్నం షాపు మూసి, అన్నం తిని, బండి మీద అనంతసాగరం దారిలో ఉన్న మా ఎకరా మిరపతోటకు పోతాడు. మూడింటికల్లా మళ్ళీ షాపులో ఉండాలి. పైరును పొద్దున చూసిందీ లేదు, సాయంత్రం చూసిందీ లేదు. అయినా రైతునంటూ కాలర్ ఎగరేస్తాడు!

ఆ తోటను సగపాలుకు చేస్తున్నది పక్క ఊరి ఒంటరి మనిషి. నారు పోసింది, నాటింది, కలుపు తీసింది. ఆ ఏడు ఆమెకు వేరే ఆధారం లేదు. కాయల్లో వచ్చే సగంతోనే బతకాలి.

ఒక ఆదివారం అన్నయ్య వెంట నేనూ వెళ్ళాను. ఒంటిగంట ఎండ. ఆకులన్నీ వాలిపోయి ఉన్నాయి.

"చూసినావా, నీళ్ళు లేక చస్తా ఉండాయి. సైన్సు టీచరువి గదా, నువ్వు చెప్పు" అన్నాడు.

చెప్పాను, మహా మేధావిని! ఇంత ఎండ ఉంది, నీళ్ళు కూడా దండిగా పెడితే ఆకు రెట్టింపు ఆహారం తయారు చేస్తుందన్నాను.

"ఎండకు అట్నే వాల్తాయి టీచరమ్మా. పొద్దుగూకినాక వచ్చి చూడండి, నిగనిగలాడతా ఉంటాయి. అడుగున తడి ఉండాది" అంటూ ఆమె పిడికెడు మట్టి తీసి చూపించింది.

"నీకేం తెలుసు, ఊరుకో" అన్నాడు అన్నయ్య. నేను ఆ మట్టిని ముట్టుకోనైనా లేదు.

మర్నాడే మోటారుకు ఆటో స్టార్టర్ బిగించాడు. కరెంటు వస్తే చాలు, తోటకు నీళ్ళే నీళ్ళు. ఒకరోజు ఆమె మోటారు ఆపేసిందని తిట్టిపోసి, ఆ స్టార్టర్ పెట్టెకు తాళం వేశాడు.

మండే ఎండలో, పొడిగాలిలో ఆకు తన రంధ్రాలు మూసుకుంటుందనీ, గాలి లోపలికి పోకపోతే ఎండ ఎంత కాసినా కిరణజన్య సంయోగక్రియ సాగదనీ ఇరవై ఏళ్ళుగా బొమ్మ గీసి మరీ పాఠం చెబుతున్నాను. రాయని పిల్లలకు మార్కులు కూడా కోశాను. చేలో నిలబడేసరికి ఆ చదువంతా ఏ గంగలో కలిసిందో! నీళ్ళు నిలిస్తే వేరుకు ఊపిరాడదని కూడా తట్టలేదు, నా మొహానికి.

నెల తిరిగేసరికి మొక్కలు సాయంత్రం కూడా తల ఎత్తడం మానేశాయి. పీకి చూస్తే వేర్లు నల్లగా కుళ్ళి ఉన్నాయి. విత్తనాలమ్మినవాణ్ణి నాలుగు తిట్టి అన్నయ్య షాపుకు పోయాడు. ఆయనకేం, గిరాకీ ఉంది. నాకేం, జీతం ఉంది. ఆమె కుళ్ళిన మొక్కలన్నీ పీకి గట్టున కుప్ప వేసింది. మమ్మల్ని తిట్టినా బాగుండేది, ఇంత సిగ్గు పడేదాన్ని కాదు.

ఆ సీజనంతా ఆమె షేర్ ఆటో ఎక్కి పోయి, పరాయి తోటల్లో కూలికి మిరపకాయలు కోసింది.